బేరమాడి పేర్చిన బొంత

కోవిడ్ తర్వాత మార్కెట్లు కాస్త కుదుటపడిన రోజులవి. దీపావళి సెలవులు ముగిసి సూరత్ వ్యాపారులు మళ్లీ తాళాలు తీసే లాభ్‌పాంచమ్ నాడు, మా ఎగుమతి సంస్థలో నన్ను బొంతల విభాగానికి శాంపిల్ ఇన్‌ఛార్జిగా వేశారు. అంతకుముందంతా కర్టెన్ల విభాగంలో గడిపాను. రిటైర్మెంట్‌కు ముందు నాకు అప్పగించిన చివరి బాధ్యత ఇదే.

శాంపిల్ ఇన్‌ఛార్జి అంటే హోదా మర్చండైజర్ కింద, కటింగ్ మాస్టర్ పైన. ఇద్దరి తిట్లూ అందే ఎత్తులో ఉంటుంది కుర్చీ. విదేశీ కొనుగోలుదారు కాగితం మీద ఒక బొమ్మ పంపిస్తాడు. దాన్ని చూసి మేం ముందుగా ఒక్కటి చేసి చూపాలి. ఆ ఒక్కటి నచ్చితే దానికి సీలు వేసి దాచిపెడతారు. తర్వాత తయారయ్యే లాటు మొత్తాన్ని సీలు వేసిన దాని పక్కన పెట్టి పోలుస్తారు. తేడా కనిపిస్తే సరుకు వాపస్ వస్తుంది.

నేను పుట్టింది జగిత్యాలలో, బట్టల దుకాణం వెనక గదిలో. అక్షరాలకంటే ముందు గజంకర్ర పరిచయమైంది. మా ఆయన రైల్వే ఉద్యోగం నన్ను సూరత్‌కు తెచ్చింది గానీ, బేరం మాత్రం నేను పుట్టింటి నుంచి తెచ్చుకున్నదే. ఆటోవాలా నేను మనసులో అనుకున్న ధరే చెబితే, ఇంకాస్త తక్కువ అనుకోవాల్సిందే అని ఆ పూటంతా దిగులుగా ఉంటుంది నాకు. ఇలాంటి మనిషిని చూసి మా సేఠ్ బొంతల విభాగం ఇచ్చాడంటే, ముక్కగుడ్డలు చవగ్గా తెస్తానన్న ఆశ ఒక్కటే కారణం.

థాన్ అమ్ముడుపోయాక చివర మిగిలే గజం, అరగజం ముక్కలను అక్కడ ఫెంట్లు అంటారు. మూటలుగా కట్టి తూకానికి అమ్ముతారు. నేను కొనే చోట మూట విప్పనివ్వరు. ముడి దగ్గర ఉన్న సందులోంచి చెయ్యి దూర్చి తడిమి చూసుకోవాలి. జారిపోయేది పాలిస్టర్, మాకు పనికిరాదు. వేళ్లకు కొంచెం అడ్డం పడుతూ చల్లగా తగిలేది కాటన్. మోచేతి దాకా చెయ్యి లోపలికి పోయాక, కళ్లు వాటంతటవే మూసుకునేవి. చీకట్లో ఎవరెవరివో గౌన్లు, లంగాలు, దిండు గలీబులు నా అరచేతిని ఒరుసుకుంటూ పోతున్నట్టు ఉండేది. దుకాణదారు నా ముఖం చూసి, ఈమెకు మూట నచ్చింది, ధర తగ్గించక్కర్లేదు అని కనిపెట్టేవాడు. అందుకని తలుపు వైపు తిరిగి తడమడం నేర్చుకున్నాను.

బొంతలు కుట్టే మా హాలు సూరత్ శివారు పాండేసర అంచున ఒక భవనం పై అంతస్తులో ఉండేది. కిటికీలోంచి రంగుల మిల్లుల పొగగొట్టాలు కనిపించేవి. కుట్టేవాళ్లంతా మన ఉత్తర తెలంగాణ ఆడవాళ్లే. వాళ్ల మగవాళ్లు సాంచెలనే మరమగ్గాల మీదో, మిల్లుల్లోనో పనిచేసేవారు. వాళ్లలో పెద్దది రాజవ్వ. సాంచెల చప్పుడుకు ఆమె మగనికి చెవులు పోయాయి. ఇల్లు నడిచేది ఆమె చేతి మీదే. చిన్నది లత, సూరత్‌లోనే పుట్టి పెరిగింది. తెలుగులో మొదలుపెట్టి హిందీలో మలుపు తిరిగి గుజరాతీలో ఆగేది. హాలులోకి రాకముందు వీళ్లంతా చీరల చెకింగ్ గదుల్లో పనిచేసినవాళ్లు. అక్కడ చీర విప్పి, అచ్చు తప్పిందా, పువ్వు తలకిందులైందా అని చూసి, తప్పున్నదాన్ని పక్కకు లాగడం పని.

నేను చేరిన వారంలోనే ఒక విదేశీ కంపెనీ తరఫున బొమ్మ వచ్చింది. స్క్రాపీ క్విల్ట్ అట. రకరకాల అచ్చుల ముక్కలు ఒక పద్ధతంటూ లేకుండా, ఇంట్లో దొరికినవి దొరికినట్టు కలిపి కుట్టినట్టు ఉండాలి. బొమ్మ చూసి రాజవ్వ, "గిది బొంతనే గద సరోజమ్మా. గీనికి గింత కాయిదమెందుకు?" అంది.

సేఠ్ నన్ను గదిలోకి పిలిచి విషయం చెప్పాడు. ఈ శాంపిల్ ఒప్పుకుంటే హాలు ఉంటుంది. లేకపోతే అక్కడ ఎంబ్రాయిడరీ మిషన్లు దిగుతాయి, వాటికి మాట ఇచ్చేశాడు. ఆడవాళ్ల సంగతి అడిగితే, ఇంటికి చీరలు పంపిస్తాం, రాళ్లు అతికిస్తారు అన్నాడు. ఒంటి గదిలో వంట పొయ్యి పక్కన కూర్చుని, జిగురు వాసనలో, ఒక్కో రాయినీ పట్టకారుతో పెట్టే పని అది. రాజవ్వ కళ్లకు అది ఎన్నాళ్లు సాగుతుందో హాలులో అందరికీ తెలుసు. నేను బయటికి వచ్చి ఉన్నదున్నట్టు చెప్పాను. లత లేచి ఫ్యాను ఆపింది.

ఫ్యాను ఆపడం ఈ పనిలో మొదటి నియమం. ముక్కలను కుట్టే ముందు గోడ మీద పేర్చి చూసుకోవాలి. అందుకు గోడకు తెల్లని ఫ్లానెల్ గుడ్డ బిగించాం. దాని నూగుకు కాటన్ ముక్క గుండుసూది లేకుండానే అతుక్కుంటుంది. పెట్టవచ్చు, తీయవచ్చు, మార్చవచ్చు. గాలి వీస్తే మాత్రం అన్నీ రాలిపోతాయి. ఆ ఉక్కలో, గాలి కదలని హాలులో మాటలు కూడా నెమ్మదిగా నడిచేవి.

మొదటిసారి నేనే పేర్చాను. ముగించి వెనక్కి జరిగి చూస్తే మా నాన్న దుకాణం కనిపించింది. ఎర్రవన్నీ ఒక వరస, పచ్చవన్నీ ఒక వరస, మంచి సరుకు సరిగ్గా గిరాకీ కంటికి ఆనే ఎత్తులో. చిరుగుల్లాంటి చారల ముక్కలు కిందికి, ఎవరూ వంగి చూడని చోట. గిరాకీ రాగానే అమ్ముడుపోయే గోడ అది, ఏ మంచం మీదా పరవలేం. ఫోటో పంపితే ముంబైలో ఉన్న ఆ కంపెనీ ఏజెంట్ ఒక్క మాటలో తిరగ్గొట్టింది.

రెండోసారి వాళ్లకే వదిలేశాను. గోనెసంచిలో అన్ని ముక్కలూ కలిపేసి, చూడకుండా చెయ్యి పెట్టి, ఏది వస్తే అది పెట్టమన్నాను. పద్ధతి లేకపోవడమంటే అదే కదా అనుకున్నాను. మూడు ఎర్రవి ఒక మూలకు చేరి కొట్లాటకు దిగినట్టు నిలబడ్డాయి. ఇంకో మూల అంతా బూడిద రంగు. అంతకంటే పెద్ద తప్పు ఇంకేదో ఉంది, కంటికి చిక్కడం లేదు. ముదురు ఏది, లేత ఏది అని తేల్చుకోవడానికి ఫోన్‌లో నలుపు తెలుపు ఫోటో తీసి చూస్తాం. అలా తీశాను. రంగులు పోగానే తెలిసింది. గోడ మీద ఉన్న ప్రతి పువ్వూ తల పైకెత్తి నిలబడింది. ప్రతి కాడా కిందికే. బడిలో ప్రార్థనకు నిలబెట్టిన పిల్లల్లా ఉంది మొత్తం.

సంచిలోంచి ముక్క ఎలా వచ్చినా, గోడకు చేరేలోపు వాళ్ల వేళ్లు దాన్ని తిప్పి నిటారుగా నిలబెడుతున్నాయి. చెకింగ్ గదిలో తలకిందుల పువ్వు అంటే కూలి కోత. ఆ చేతులు ఇంకా అక్కడే ఉన్నాయి. బొంతను మంచానికి ఏ వైపు నుంచైనా చూస్తారు, కొన్ని పక్కకు, కొన్ని తలకిందులుగా ఉంటేనే చూపు బొంతంతా తిరుగుతుంది అని చెప్పాను. సరేనన్నారు. చెప్పినట్టే ఒకటి విడిచి ఒకటి, చదరంగం బల్ల లాగా, తలకిందులు పెట్టారు. తప్పు చేయమంటే కూడా లెక్కగా చేస్తారు. నేను మాత్రం తక్కువా? వాళ్లకు చెబుతూనే ఒక చామంతిని సరిచేసి పెట్టాను.

ఏజెంట్ రెండు రోజుల్లో స్వయంగా వస్తానని కబురు పంపింది. ఆ మధ్యాహ్నం అన్నాలయ్యాక గోడ ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నాను. కళ్లు సగం మూసి చూడాలని ఈ పనిలో ఒక పద్ధతి. అలా చూస్తే పూలూ ఆకులూ కరిగిపోయి వెలుగు, నీడ మాత్రమే మిగులుతాయి. సగం మూసిన కళ్లు పూర్తిగా ఎప్పుడు మూసుకున్నాయో తెలియదు. బార్డోలీ బస్సులో పోతున్నాను. రెండు వైపులా చెరుకు తోటలు, కానీ చెరుకు ఆకుల మీద చుక్కల అచ్చు. మధ్యలో గళ్ల నేల. ఎవరో ఆడవాళ్లు దారి పొడవునా నిలబడి చీరలు విప్పి చూపిస్తున్నారు. ఒక్కోటి విప్పి, వద్దంటే పక్కన పడేసి, ఇంకోటి విప్పుతున్నారు. పడేసినవి ఒకదాని మీద ఒకటి, ఎటు తల ఎటు కొంగు తెలియకుండా, రోడ్డంతా పరుచుకుంటున్నాయి. బస్సు వాటి మీదుగా మెత్తగా పోతోంది. చప్పుడు లేదు.

మెలకువ వచ్చేసరికి లత, రాజవ్వ గోడ దగ్గర వాదులాడుకుంటున్నారు. నేను నిద్రపోతున్నానని గొంతు తగ్గించే ఆడుతున్నారు గానీ, బేరం మాట నాకు ఎంత నిద్రలోనైనా వినిపిస్తుంది.

"అత్తా, ఈ చిన్న బుట్టీల మాల్ జర పెట్టుకో నీ పక్కకు. ఫస్ట్ క్వాలిటీ," అంటోంది లత, అచ్చం మార్కెట్ దుకాణదారు గొంతుతో.

"నీ బుట్టీలు గిప్పటికే కండ్లల్ల కుచ్చుకుంటున్నయి. పెద్దది తే."

"లేలో అత్తా, గిదో పెద్దది. ఆకులు అరచేతులంత."

"గింత నల్లగనా? నాది సుత నల్లదే. ఇద్దరం చీకట్ల కూసుండాల్నా?"

లత ఇంకో ముక్క తీసింది. లేత పసుపు మీద వంకర చారలు. రాజవ్వ మూతి తిప్పింది, తల అడ్డంగా ఊపింది, చివరికి "ఏదో తియ్యి, నువ్వు బతిమిలాడుతున్నవని" అంటూ తీసుకుని పెట్టేసింది. చారలు ఎటు పోతున్నాయో చూసుకోలేదు. వాదన గెలిచిన సంతోషంలో వేళ్లు తమ అలవాటు మరిచిపోయాయి.

మా దుకాణంలో తెల్ల పరుపు మీద గిరాకీ లేచిపోయాక మిగిలే చీరల కుప్ప నాకు కళ్లముందు ఆడింది. చిన్నప్పుడు దాన్ని మడతపెట్టేది నేనే. ఆ కుప్ప ఎవరూ పేర్చింది కాదు, కానీ ఊరికే పడిందీ కాదు. ఇది ముదురుగా ఉంది అంటే లేతది విప్పారు, పూలు చిన్నవి అంటే పెద్దవి విప్పారు. ప్రతి చీరా తన ముందు దాని మీద వచ్చిన ఫిర్యాదుకు జవాబు.

లేచి అందరినీ పిలిచి ఆట నియమం చెప్పాను. ముక్కలనూ, గోడ మీది గడులనూ అందరికీ పంచుతాను. ఎవరూ తమ ముక్కను తామే పెట్టకూడదు. పక్క గడి ఎవరిదో వాళ్లకు అమ్మాలి. వాళ్లు కనీసం ఒకసారి కాదనాలి, ఎందుకు కాదంటున్నారో చెప్పాలి. తర్వాత చూపే ముక్క ఆ మాటకు సమాధానం కావాలి. ఒకే అచ్చు పక్కపక్కన రాకూడదు. మొదట సిగ్గుపడ్డారు. కాసేపటికి హాలు ఆదివారం అంగడి అయింది. ఒకామె తన ముక్క అమ్ముడుపోవడం లేదని అలిగింది. ఒకామె ఊదా రంగు గళ్ల ముక్కను అప్పుకిచ్చి పోతా అంది. నేను నా వాటా ముక్కలను రాజవ్వకు అమ్మబోయి ఘోరంగా ఓడిపోయాను. ఆమె నా సరుకును వాసన చూసి వెనక్కి ఇచ్చింది. చిన్నప్పటి నుంచి బేరమాడిన నోరు, ఆ పూట ఒక్క చామంతి ముక్కను అమ్ముకోలేకపోయింది.

పొగగొట్టాల వెనక సూర్యుడు దిగేటప్పటికి గోడ నిండింది. ఎండ కిటికీలోంచి పడి ముక్కల మీద నెమ్మదిగా జరుగుతోంది. ఒకచోట పూలు పక్కకు వాలి నిద్రపోతున్నట్టు, ఒకచోట చేపలు పైకి ఈదుతున్నట్టు. ఎక్కడ చూపు పెట్టినా అది అక్కడ నిలవడం లేదు, పక్కదాని మీదికి జారుతోంది. ఎవరి ముక్క ఏదో వెతుక్కోవడం మానేసి అందరూ ఊరికే నిలబడ్డారు. ఫోన్‌లో ఫోటో తీసుకున్నాను.

ఏజెంట్ చెప్పిన రోజు వచ్చింది. నెమ్మదిగా మాట్లాడే మనిషి, మాట తక్కువ. గోడ ముందు చాలాసేపు నిలబడి, తనూ ఒక ఫోటో తీసుకుని, ఇదే కావాలంది. సేఠ్ ముఖం వెలిగింది. తర్వాత ఆమె, లాటులో అన్నీ అచ్చు ఇలాగే, ముక్కకు ముక్క సరిపోయేలా ఉండాలని చెప్పింది. సేఠ్ ఏమాత్రం ఆలోచించకుండా, అయిపోతుంది అన్నాడు. ఇద్దరూ భోజనానికి వెళ్లారు.

అయ్యే పని కాదది. ఫెంటు అంటేనే అయిపోయిన సరుకు. ఆ అచ్చు మళ్లీ కావాలంటే మిల్లులో దాన్ని అద్దిన స్క్రీను కూడా ఉండదు. మొదటి కొన్ని బొంతల తర్వాత ముక్కలు మారతాయి, పోలిక తప్పుతుంది, సరుకు వాపస్ వస్తుంది, హాలు అప్పుడు పోతుంది. ఈ మాట ఏజెంట్‌కు నోటితో చెబితే, చేతకాక చెబుతున్న సాకు అనుకుంటుంది. సరుకు చూపించకుండా గిరాకీ మనసు మార్చలేమని దుకాణంలో పెరిగినవాళ్లకు తెలుసు.

గోడ మీద ఉన్నదంతా తీసేసి, సంచిలో మిగిలిన ముక్కలు కూడా కలిపి మళ్లీ పంచుతాను, ఆమె తిరిగొచ్చేలోపు కొత్తగా ఇంకోటి పేర్చండి అన్నాను.

"ఏంది సరోజమ్మా, మెచ్చింది గద ఆమె. మెచ్చినదాన్ని పీకుతరా ఎవరన్న?" అంది రాజవ్వ.

"గీ ఒక్కదాన్నే మెచ్చితే మనకు లాభం లేదు రాజవ్వా. మనం ఏది చేసినా మెచ్చాలె. లేకుంటే లాటు వాపస్ వస్తది."

"వాపస్ అచ్చిననాడు సూద్దుము. ఇయ్యాల మా కడుపు కొట్టకు."

ఫోటో నా దగ్గర ఉంది, పరిస్థితి తిరగబడితే మళ్లీ ఉన్నదున్నట్టు పెట్టుకోవచ్చు అన్నాను. రాజవ్వ నా ఫోన్ వైపు కూడా చూడలేదు.

"ముక్కలు పెడుతవు. ఆమె మనసు మళ్ల పెడుతవా?"

అది నా చేతిలో లేదని ఒప్పుకున్నాను. మీరు వద్దంటే ముట్టుకోను, కానీ ఎన్నాళ్లకో ఒకనాడు ఈ హాలు ఖాళీ చేయాల్సిందే అన్నాను. రాజవ్వ గోడ ముందుకు వెళ్లి నిలబడింది. ఆ లేత పసుపు చారల ముక్కను ఊడదీసి లత చేతిలో పెట్టి, "మళ్ల అమ్ము. ఈసారి నేను కొన," అంది.

ఆ ఆటలో నవ్వులు తక్కువ. కాదనే మాటలు మాత్రం ఎక్కువే, కారణాలు గట్టివి. మెట్ల మీద చెప్పుల చప్పుడు వినబడేసరికి ఆఖరి ముక్క గోడకు చేరింది. అందరూ మిషన్ల వెనక్కి సర్దుకున్నారు.

ఏజెంట్ లోపలికి వచ్చి, ఇంకోసారి చూద్దామన్నట్టు గోడ ముందు నిలబడింది. రెండడుగులు వెనక్కి వేసింది. ఇప్పుడు ఇంకా బాగుంది, వెలుతురు మారినందుకేమో అంది. దీనికే సీలు వేయిద్దాం అంది.

మీరు పొద్దున తీసుకున్న ఫోటో ఒకసారి చూడండి అని అడిగాను. ఆమె ఫోన్ తీసింది. ఫోన్ చూసి గోడ చూసింది. మళ్లీ ఫోన్ చూసింది. ఆమె ముఖం ఎర్రబడింది. నన్ను వెర్రిదాన్ని చేయడానికా ఇదంతా అని హిందీలో అడిగింది. సేఠ్ గబగబా క్షమాపణలు మొదలుపెట్టాడు.

నేను ఆయన మాట ఆగేదాకా ఆగి, రెండూ మీకు నచ్చాయి కదా అన్నాను. మీకు నచ్చింది ఇన్ని ముక్కల్లో ఏ ఒక్కటీ కాదు. అవి ఒకదాని పక్కన ఒకటి ఎలా చేరాయన్నది నచ్చింది. దాన్ని మేం ఎన్ని బొంతలకైనా ఇవ్వగలం, ముక్కలను మాత్రం ఇవ్వలేం. ఇవ్వగలమని చెప్పేవాళ్లు బజారులో చాలామంది ఉన్నారు, మూడో లాటుకు వాళ్లు ఫోన్ ఎత్తరు.

ఆమె వెంటనే ఒప్పుకోలేదు. నేను ఒప్పుకుంటాను, నా పైవాళ్లు దేనితో పోల్చుకుంటారు అని అడిగింది. న్యాయమైన ప్రశ్నే. బేరం అక్కడ మొదలైంది. కొలత ఒకటే, అంచు గుడ్డ ఒకటే, కుట్టు ఒకటే. ఒకే అచ్చు ఎప్పుడూ పక్కపక్కన రాదు. ముదురు పక్కన ముదురు రాదు. పూలు అన్ని వైపులకూ తిరిగి ఉంటాయి. నేను ఎక్కువ షరతులు చెప్పి కొన్ని వదులుకుందామని మొదలుపెట్టాను. ఆమె అన్నిటినీ పట్టుకుని ఒక్కటీ వదల్లేదు. పైగా, ప్రతి బొంతకు ఫోటో పంపాలన్న షరతు కలిపింది. మొదటి ఆర్డరును సగానికి తగ్గించింది. అది ఆ ఫోన్ సంగతికి జరిమానా అని నాకు అర్థమైంది. జరిమానా వేసే గిరాకీ మళ్లీ వస్తుంది కాబట్టి నోరు మూసుకున్నాను.

సగం ఆర్డరుకు సగం హాలు చాలని సేఠ్ తేల్చాడు. వారంలో మిగతా సగంలోకి ఎంబ్రాయిడరీ మిషన్లు వచ్చాయి. వాటికీ మాకూ మధ్య ప్లైవుడ్ గోడ కట్టారు. ఫ్లానెల్ గుడ్డను దాని మీదికి మార్చాం. మిషన్లు ఆడితే గోడ అదిరి ముక్కలు కొన్ని రాలిపడేవి. ఎవరినీ తీసేయలేదు. దగ్గరదగ్గరగా కూర్చున్నారు. రాజవ్వ నేను రిటైరయ్యేదాకా అక్కడే పనిచేసింది. నా దగ్గర ఒక్క ముక్క కూడా కొనకుండానే.

ఆ తర్వాత నేను ఏ శాంపిల్ పంపినా, అందులో మళ్లీ చేయగలిగేది ఏది, చేయలేనిది ఏది అని కొనుగోలుదారుకు ముందే విడదీసి చెప్పేదాన్ని. దానివల్ల కొన్ని ఆర్డర్లు పోయాయి. వచ్చినవి మాత్రం వాపస్ రాలేదు. అన్నిటికీ సరే అనడం శాంపిల్ గదిలో తేలిక. దాని ఖరీదు కుట్టేవాళ్లు కడతారు. కాబట్టి బేరమంతా సీలు పడకముందే ఆడుకోవాలి.